శుక్రవారం తోమిన ఇత్తడి

ఫ్రిస్కోలో మాది కొత్త ఇల్లు. గరాజ్‌లో రెండో కారు పెట్టాల్సిన చోట మా ఆయన బల్ల వేసుకున్నాడు. సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాది ఆఫీస్ స్నేహితులతో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి తుపాకీ కాల్చడం మరిగాడు. కాల్చాక కింద పడ్డ తూటాల ఇత్తడి గొట్టాలను ఏరి తెచ్చి, శుభ్రం చేసి, మళ్లీ మందు కూరి తూటాలు తయారుచేసుకుంటాడు. శుభ్రం చేయడానికో మెషీన్. వాల్‌నట్ పెంకుల పొడిలో ఆ గొట్టాలను వేసి తిప్పుతుంది. శనివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా గరగరమంటూనే ఉంటుంది. గోడకి ఇవతల మా రెండేళ్ల పాప పడుకునే గది. ఆ చప్పుడు వింటుంటే నా మనసు కీడు శంకించేది. తుపాకీ లాకర్‌లోనే ఉందా అని రోజూ తాళం లాగి చూసుకునేదాన్ని. చూసుకోవాల్సింది అది కాదని నాకేం తెలుసు!

అంతసేపు తిప్పినా గొట్టాలు మసకగానే వచ్చేవి.

"ఇదా నీ మెషీన్ పనితనం? ఇటు పడెయ్, చింతపండుతో ఐదు నిమిషాల్లో బంగారం చేసి చూపిస్తా," అన్నాను ఒక శుక్రవారం, పూజ సామాన్లు తోమబోతూ. ఇత్తడి దగ్గర నాకు కాస్త పొగరు. వ్రతానికి పిలిచిన ఆంటీలంతా మా కుందులు చూసి ఏం పౌడర్ వాడతావని అడుగుతారు మరి.

"గ్లవ్స్ వేసుకోవే. ఆ మసి మంచిది కాదంట."

"దేవుడి సామాన్లు గ్లవ్స్‌తో తోముతారా ఎవరైనా? చాల్లే సంబడం!"

తను మళ్లీ చెప్పలేదు. చెప్పినా వినేదాన్నా?

కిచెన్ సింక్‌లో స్టీలు బేసిన్, అందులో నానిన చింతపండు, గుప్పెడు ఉప్పు. ముందు గొట్టాలు తోమేదాన్ని. ఆ చింతపండు పారబొయ్యడానికి చేతులు రాక, దాంతోనే కుందులు, పంచపాత్ర, ఉద్ధరిణి కూడా తోమేసేదాన్ని. బేసిన్ అడుగున నల్లటి మడ్డి దిగితే, అబ్బ, ఎంత మురికి వదిలిందో అని మురిసిపోయేదాన్ని. పాప స్టూల్ ఎక్కి నా పక్కన నిలబడి తనూ పిప్పి పిసికేది. వేలు నోట్లో పెట్టుకుని పులుపుకి కళ్లు గట్టిగా మూసుకునేది. మేమిద్దరం పడీపడీ నవ్వేవాళ్లం. ఆర్నెల్లపాటు ప్రతి శుక్రవారం ఇదే.

ఎండలు ముదిరేసరికి పాప అన్నం మానేసింది. పొట్ట పట్టుకుని ముడుచుకుని పడుకునేది. వచ్చిన మాటలు ఒక్కొక్కటే పోయాయి. బాల్ అనడం మానేసింది, తర్వాత పాలు, తర్వాత నాన్న. దిష్టి తగిలిందనుకున్నాను. ఉప్పు తిప్పి, అదే సింక్‌లో కలిపాను. పొద్దున్నే పూజ కాగానే, రోజూ ఇచ్చే తీర్థానికి ఇంకో ఉద్ధరిణి కలిపి నేనే నోట్లో పోశాను.

చివరికి డాక్టర్ రక్తం తీయించింది. సోమవారం మధ్యాహ్నం నర్స్ ఫోన్ చేసింది. రక్తంలో సీసం చాలా ఎక్కువగా ఉందట, వెంటనే హాస్పిటల్‌కి తీసుకురమ్మంది. తర్వాత ప్రశ్నలు. పాత ఇల్లా? కాదు. గోడల రంగు ఊడుతోందా? లేదు. ఇండియా నుంచి తెచ్చిన కాటుక పెడతారా? "మా ఇల్లు చాలా శుభ్రంగా ఉంటుంది," అన్నాను, కోపంగానే.

ఇంట్లో ఎవరైనా తుపాకీ కాలుస్తారా, కాల్చిన గొట్టాలు శుభ్రం చేస్తారా అని అడిగింది. ఆ మసిలో సీసం ఉంటుందని, పులుపు తగిలితే నీళ్లలోకి దిగుతుందని చెప్పింది.

ఫోన్ చెవికి పెట్టుకునే వెనక్కి తిరిగాను.

పాప పూజగది గడప మీద కూర్చుని ఉంది. మాటలన్నీ పోయినా ఆ ఒక్క మాట మాత్రం పోలేదు. పంచపాత్ర వైపు చూస్తూ నాకు చెయ్యి చాపింది.

"తీత్తం," అంది.

ఫోన్‌లో నర్స్ మళ్లీ అడిగింది, ఆ గొట్టాలను ఎవరు శుభ్రం చేస్తారని.

"నేనే," అన్నాను.