పెన్న గట్టున ఏడో అంకె

ఆ ఆదివారం నడకకు వచ్చినవాళ్ళం ఆరుగురం: గాజుల కొట్టు వెంకటేశు, ఆయన భార్య పద్మక్క, టీచరు సరళ మేడం, బ్యాంకు సుధాకర్, నేను, అందరికంటే వెనక ఖాదర్ మామ. నీళ్ళ సీసాలు ఆరు, చేతికర్ర ఒకటి. టైము పదకొండూ ఇరవై. ఎండ బాగా కాస్తోంది.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. నేను మెకానికల్ ఇంజనీరుని. దయ్యాలు, ఆత్మలు అంటే నవ్వేవాణ్ణి. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను.

మాది ప్రొద్దుటూరు. ప్రతి ఆదివారం బస్సులో జమ్మలమడుగు వెళ్ళి, గండికోట వైపు పెన్న వెంబడి నడిచి, మధ్యాహ్నం లక్ష్మక్క మెస్సులో సంగటి తిని వస్తాం. ముళ్ళపొదల మధ్య ఒకరికొకరు కనబడరు. అందుకని వెనుదిరిగే చోట ముందున్న మనిషి "ఒకటి" అని అరుస్తారు, తర్వాతి మనిషి "రెండు". చివరి మనిషి తన అంకె చెప్పి "అంతే" అనాలి. ఆ లెక్క నేను లక్ష్మక్కకు ఫోన్లో చెబుతాను. ఎంతమందిమంటే అన్ని విస్తరాకులు వేసి ఉంచుతుంది.

నాలుగు నెలల కిందటి దాకా చివరి మనిషి ఖాదర్ మామ భార్య షమీమత్త. మోకాళ్ళ నొప్పులతో నిదానంగా నడిచేది. ఆమె పోయాక మామకు తిండి మీద ధ్యాస పోయింది, మెస్సులో కూడా అర ముద్ద దాటడు. ఖాళీ కడుపున షుగరు మాత్రలు వేసుకుని రెండుసార్లు పడిపోయాడు. "నాయన నా మాట ఇనడంల్యా. నువ్వన్నా తినిపియ్యన్నా" అని వాళ్ళ కూతురు నా దగ్గర ఏడ్చింది.

ఆ రోజు బస్సు దిగగానే మామ అన్నాడు, "వచ్చే వారం నుంచి నేను రానప్పా. అడుగడుక్కీ ఎనక్కి తిరిగి చూస్తాండా. మెడ పట్టేసింది."

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆదివారం కూడా మానేస్తే ఆయన ముందు ఆకు వేసి కూర్చోబెట్టే వీలు మాకుండదు.

వెనుదిరిగే చోట లెక్క మొదలైంది. ఐదు నాది. మామ "ఆరు" అన్నాడు. "అంతే" మాత్రం ఆమె పోయినప్పటి నుంచీ అనడు, నేనే అనేస్తుంటాను. నేను నోరు తెరిచేలోపు మామ వెనక నుంచి, కాస్త ఆయాసంగా, ఆడగొంతు వినబడింది.

"ఏడు. అంతే."

అలవాటుగా ఫోన్ తీసి "ఏడుగురం అక్కా" అని చెప్పేశాను. పెట్టేశాక తలలు లెక్కపెట్టాను, ఆరే. పద్మక్క వెనక్కి తిరిగి చూస్తోంది. మామ వెనక దారి ఖాళీ. మాలోని ఆడవాళ్ళిద్దరూ నా ముందే ఉన్నారు. ప్రతిధ్వని అనుకుంటే "ఆరు" అనే రావాలి. మిగతా ముగ్గురూ తమకేమీ వినబడలేదన్నారు.

తిరుగుదారిలో మామ మాత్రం నడక బాగా నిదానం చేశాడు.

మెస్సులో లక్ష్మక్క నడుం మీద చేయి వేసుకుని నిలబడింది. "ఏందప్పా, ఏడంటివి, ఆరుమందే వచ్చినారు? ఒకర్ని యాడ పారేసుకోనొచ్చినారు?"

మామ వెళ్ళి ఖాళీ ఆకు పక్కన కూర్చున్నాడు.

"వస్తాది లే అక్కా. మోకాళ్ళు నొప్పి గదా, నిదానంగా వస్తాది. ఆకు తియ్యొద్దు."

లక్ష్మక్క ఆయన వైపు చూసి, రెండు ఆకుల్లోనూ వడ్డించింది. "నువ్వు తినప్పా ముందు. సల్లారిపోతాది."

మరుసటి ఆదివారం మామ వచ్చాడు. అదే చోట, అదే టైముకు మూడుసార్లు లెక్క చెప్పించాను. మూడుసార్లూ ఆరు దగ్గరే ఆగింది. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తేలలేదు. తేలిన సంగతి ఒక్కటే ఉంది, అది రాసి ఆపుతాను.

ఏడో అంకె వినబడిన ఆ మధ్యాహ్నం ఖాదర్ మామ తిన్న సంగటి: రెండు ముద్దలు.