ప్యానెల్ తలుపు మీద రెండు గీతలు

“రెండు గీతలు పడ్డాయే. గంట ఆగి వస్తా.”

“అయితే ఆ మోటారుతోనే కాపురం చెయ్యి.”

ఫోనులో మా ఆయనా, నేనూ ఆఖరుగా అనుకున్న మాటలివి. ఆ గంట గడవకముందే ఆయన పంపుహౌస్‌లో కుర్చీలోనే పోయాడు. గుండె ఆగిందన్నారు.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. శ్మశానం పక్క చేలో ఒంటరిగా పత్తి తీసినదాన్ని. నా అనుమానమంతా మనుషుల మీదే. సంతకం తప్ప రాయడం రాదు కాబట్టి మా అక్క కూతురు సునీతతో రాయిస్తున్నాను.

మాది గురజాల వైపు. కాలవ నుంచి మెట్ట చేలకు నీళ్లెక్కించే పెద్ద మోటారు మా ఆయన చేతిలో ఉండేది. అంత మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకంటే ఐదారింతల కరెంటు లాగుతుంది. లోపలి తీగచుట్ట వేడెక్కుతుంది. అందుకే వెంటవెంటనే రెండుసార్లే వేయాలి. రెండోసారీ ఆగిపోతే గంటసేపు చల్లారనివ్వాలి. మరిచిపోకుండా ఆయన, వేసిన ప్రతిసారీ మోటారు స్విచ్చులుండే ప్యానెల్ పెట్టె తలుపు మీద సుద్దముక్కతో ఒక గీత గీసేవాడు. చల్లారాక తుడిచేవాడు. చూపుడువేలు సగం తెగి ఉండటంతో ఆయన గీత కింద ఎడమకు కొక్కెంలా తిరిగేది.

పెద్దకర్మ అయ్యాక ఆ తలుపు నేనే తడిగుడ్డతో తుడిచాను. సుద్దముక్కల డబ్బా ఇంటికి తెచ్చి పెట్టెలో పెట్టాను. మోటారు పని మా మరిది శీనుకు ఇచ్చారు. తాళంచెవీ అతని దగ్గరే. శీను గీతలు గీయడు. అదంతా అన్న చాదస్తమనేవాడు.

ఈ ఏడు కాలవకు నీళ్లు కట్టేసే ముందు వారం. మిరప పూత మీద ఉంది, అందులో నా ఎకరం కూడా. పొద్దున పదింటికి బోదెలో నీళ్లు ఆగిపోతే నేనూ, పక్క చేను మస్తాన్ బాబాయీ పంపుహౌస్‌కు వెళ్లాం. శీను చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. వోల్టేజీ తక్కువై మోటారు ఆగిందని, మళ్లీ వేస్తానని అన్నాడు.

తలుపు మీద రెండు గీతలున్నాయి. రెండింటికీ కింద ఎడమకు కొక్కెం.

“ఎన్నిసార్లేశావురా?”

“ఒక్కసారే వదినా.”

“మరి ఇయ్యేంది?”

శీను అటు తిరిగి చూశాడు. ముఖం పాలిపోయింది. మస్తాన్ బాబాయి మోటారు మీద అరచెయ్యి పెట్టి చటుక్కున లాగేసుకున్నాడు.

“ఒక్కసారికే ఇంత కాలుద్దంటరా? అబద్ధాలాడబాక. ఇది కాలిందంటే బాగుచేసొచ్చేలోపు చేలన్నీ ఎండిపోతయ్.”

అప్పుడు ఒప్పుకున్నాడు. రెండుసార్లు వేశాడట, రెండుసార్లూ ఆగిందట. రైతులు ఫోన్లు చేసి తిడుతుంటే ఆగలేక మూడోది వేయబోతున్నాడట. గంట కూర్చున్నాం. తర్వాత మోటారు అందుకుంది. నీళ్లు చేలకెక్కాయి.

నన్ను బెదరగొట్టి అటు రాకుండా చేయడానికి శీనే గీశాడనుకున్నాను. కానీ తన అబద్ధాన్ని తానే పట్టించే గీతలు ఎవడైనా గీస్తాడా? అతను నన్నే అనుమానించాడు. నేను గుమ్మంలోకి వచ్చేసరికే అవి ఉన్నాయి, మస్తాన్ బాబాయి కూడా చూశాడు. ఇంటికొచ్చి పెట్టె తీశాను. డబ్బాకు నేను కట్టిన దారం ముడి విప్పి లేదు.

ఆ తర్వాత చెప్పకుండా రెండుసార్లు వెళ్లి శీనును కనిపెట్టి చూశాను. ఏమీ దొరకలేదు. వేళ్లన్నీ ఉన్నవాడి చేతికి ఆ కొక్కెం ఎలా వచ్చిందో ఈరోజుకీ నాకు తెలియదు.

సునీతా, మొదటినుంచి చదువమ్మా. గీసింది శీనే అని చెప్పానో, శీను కాదని చెప్పానో వినాలి.