లావెండర్ మీద నిమ్మ

మా చిన్నాయన పోయాడు. అశోక్‌నగర్ ఇంట్లో పొద్దున్నే గడ్డం గీసుకుని, బుగ్గలకు ఆఫ్టర్‌షేవ్ రాసుకుని, అది ఆరేదాకా ఎప్పటిలాగే కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. దాని మీద పూసుకోవాల్సిన కొలోన్ సీసా మూత తీసి అద్దం ముందు పెట్టి ఉంది. పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే నేను చిక్కడపల్లి నుంచి బండి మీద పరుగెత్తాను. వెళ్లేసరికి చిన్నమ్మ ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతూ, ఆకలైతుంది బువ్వ పెట్టమని అడుగుతోంది.

ఆయన గొప్పవాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. గొప్పవాడేమీ కాదు. కరెంటాఫీసులో గుమాస్తా చేసి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. మా బాపు పోయాక నన్ను చదివించాడు, పెళ్లి చేశాడు. ఆయనకు కొరివి పెట్టింది కూడా నేనే. కానీ ఆయన పోయిన తర్వాత ఆ ఇంట్లో జరిగింది ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేలా లేదు. అందుకని మీకు చెబుతున్నాను.

ముందు ఆయన పిచ్చి గురించి చెప్పాలి. పిచ్చే, ఇంకో మాట లేదు. మగవాళ్లలో చాలామంది ఆఫ్టర్‌షేవ్ ఒకటి, సెంటు ఇంకొకటి, చేతికి ఏది దొరికితే అది చల్లుకుని బయటపడతారు. అలాంటివాళ్లను చూస్తే చిన్నాయనకు నిజంగా బాధ కలిగేది. ఒకసారి నారాయణగూడ బస్సులో మా పక్కన నిలబడ్డ మనిషి దగ్గర పుదీనా ఘాటు మీద గులాబీ అత్తరు గుప్పుమంది. చిన్నాయన నన్ను లాక్కుని మా స్టాపు రాకముందే దిగిపోయాడు. "సవతుల లెక్క కొట్లాడుతున్నయి రా వాని మొఖం మీద. నాతోని గాదు" అన్నాడు. మిగతా దూరం ఎండలో నడిచాం. దారి పొడుగునా నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

ఏ ఆఫ్టర్‌షేవ్ మీద ఏ కొలోన్ కుదురుతుందో ఆయనకు ఒక లెక్క ఉండేది. ఎండాకాలంలో చల్లగా తగిలే పుదీనా రకం మీద వట్టివేరు. వానలు పడితే గంధం మీద గంధమే, కానీ పైది పల్చగా ఉండాలి. పెళ్లిళ్లకు కస్తూరి, అది కూడా రుమాలుకే తప్ప ఒంటికి కాదు. మామూలు రోజులకు లావెండర్ ఆఫ్టర్‌షేవ్ మీద నిమ్మ కొలోన్. "ముందుది తొందరగ పోవాలె, వెనకది మెల్లగ రావాలె. పొయ్యేదానికి వచ్చేదానికి నడుమ సందు ఉండొద్దు, గంతే రా ఇద్య" అనేవాడు. అబ్బో పెద్ద ఇద్య అని చిన్నమ్మ వంటింట్లోంచి వెక్కిరించేది. "పెండ్లినాడు నేను తయారైనంక గూడ ఈయన గంటసేపు అద్దం ఇడువలేదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆయన నవ్వుతూ ఆమె చీర కొంగుకు ఒక చుక్క నిమ్మ తడిపేవాడు.

అశోక్‌నగర్ అంటే సర్కారు ఉద్యోగాలకు చదివే పోరగాళ్ల హాస్టళ్లు కదా. ఇంటర్వ్యూలు పడ్డాయంటే వాళ్లంతా ఇస్త్రీ చొక్కాలతో మా చిన్నాయన గుమ్మం ముందు తేలేవాళ్లు. ఆయన ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి చూసి, "గంధం వద్దు బిడ్డా, పెండ్లికొడుకు లెక్క ఉంటవ్. కస్తూరి అసలే వద్దు, బోర్డోళ్లకు తలకాయ నొస్తది. లావెండర్ రాయి, మీదికెళ్లి జరంత నిమ్మ. పొద్దుగాల లేచి తానం చేసి చదువుకున్న పోరడనుకుంటరు" అని పంపేవాడు. ఉద్యోగం వచ్చినవాళ్లు మిఠాయి పట్టుకొచ్చేవాళ్లు. రానివాళ్లు ఊరికే వచ్చి టీ తాగి కూర్చునేవాళ్లు. ఆయనకు ఇద్దరూ ఒకటే.

తర్వాత చిన్నమ్మకు మతిమరుపు మొదలైంది. మొదట పొయ్యి మీద పాలు మరిచిపోయింది. తర్వాత తమ గల్లీ మరిచిపోయింది. తర్వాత మనుషులను. నన్ను మరిచిపోయిన రోజు నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. ఆయన మాత్రం తనను మరిచిపోలేదని మురిసిపోయేవాడు. ఆ మురిపెం ఎక్కువకాలం సాగలేదు. వానలు పడ్డాయని ఒకరోజు లావెండర్ మాని గంధం రాసుకుని, అన్నం కలిపి ఆమె ముందు కూర్చున్నాడట. చిన్నమ్మ కంచం ఎత్తి కొట్టింది. "ఎవలు నువ్వు? మా ఆయన వస్తే నీ కాళ్లిరగ్గొడ్తడు" అని అరిచింది. ఆ సంగతి నాకు నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టాడు, సగంలో ఆపేశాడు.

ఆమె ఆయనను ముఖం చూసి గుర్తుపట్టడం ఎప్పుడో మానేసింది. వాసనను బట్టి గుర్తుపడుతోంది. అది తెలిశాక చిన్నాయన తన సీసాలన్నీ హాస్టల్ పోరగాళ్లకు పంచేశాడు. ఒక్క లావెండర్, ఒక్క నిమ్మ ఉంచుకున్నాడు. ఎండలైనా, వానలైనా, పెళ్లిళ్లయినా అదే. ఆ జత వాసన ఉన్న చెయ్యి పెడితేనే చిన్నమ్మ నోరు తెరిచేది. నేను పెట్టినా, నా భార్య పెట్టినా పెదాలు బిగించేది. "ఆ వాసన పట్టుకోని నిలవడ్డది రా ఆమె. అది ఇడిస్తే పడిపోతది" అన్నాడు నాతో. ఆ మాట విన్నవాణ్నే, వినీ ఏం చేశానో చూడండి.

శవం ఇల్లు దాటగానే ఇల్లు కడగాలి. అది మన పద్ధతి. మా మేనత్త, అంటే చిన్నాయనకు అక్క, కొంగు బిగించి అన్నీ దగ్గరుండి చేయించింది. పోయినోళ్లవి ఇంట్ల ఉంచొద్దని ఆయన దిండు, దుప్పటి, కొక్కేనికి వేలాడే చొక్కాలు, గడ్డం బ్రష్షు, ఆ రెండు సీసాలు అన్నీ మూటగట్టించి బయటకు పంపింది. ఫినాయిలు పోసి నేల కడిగారు. పసుపునీళ్లు చల్లారు. గదిగదికీ సాంబ్రాణి పొగ వేశారు. నేను శ్మశానం నుంచి వచ్చి తలుపుకు ఆనుకుని ఇదంతా చూస్తూనే ఉన్నాను. నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. ఎవరి నోట్లోంచీ రాలేదు. అంతా శుద్ధిగా జరిగిందని అందరికీ తృప్తి.

చిన్నమ్మ మాత్రం లేచి ఇల్లంతా తిరిగింది. కుర్చీ చేతిని వాసన చూసింది. కర్టెన్ వాసన చూసింది. ఖాళీ కొక్కేనికి ముక్కు ఆనించి చాలాసేపు నిలబడింది. "ఏడవోయిండు?" అని నన్నే అడిగింది. ఆమె వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. అప్పట్నుంచి మంచినీళ్లు తప్ప ఏదీ నోట పెట్టలేదు.

మేమందరం బతిమాలాం. తిట్టాం కూడా. మా అత్త చేతులు జోడించింది. నేను గోరుముద్దలు చేసి పెదాలకు ఆనించాను, ఆమె నా గడ్డం చూసి భయపడి చెయ్యి నెట్టేసింది. డాక్టర్ వచ్చి సెలైన్ పెడితే సూది పీకేసింది. "ఇట్లనే ఉంటే అడ్మిట్ చెయ్యాలె, ముక్కులకెళ్లి పైపు ఎయ్యాలె. ఈ ఒళ్లు తట్టుకుంటదా అంటే నేను గ్యారంటీ ఇయ్యలేను" అన్నాడు. ఒకరిని పంపి ఇంకా బూడిద చల్లారలేదు, రెండో మనిషి నా కళ్ల ముందే ఎండిపోతోంది.

అప్పుడు బుద్ధి వచ్చి బండి తీశాను. కొరివి పెట్టినవాడు దినాలు అయ్యేదాకా అలా తిరగకూడదు, కానీ ఎవరిని అడుగుతాం? లావెండర్ ఆఫ్టర్‌షేవ్ నారాయణగూడలోనే దొరికింది. నిమ్మ కొలోన్ దొరకలేదు. మాసిన గడ్డం, భుజాన తెల్ల తువ్వాలు, కాళ్లకు చెప్పుల్లేకుండా నేను సెంటు అడుగుతుంటే దుకాణాలవాళ్లు బిత్తరపోయి చూశారు. హైదర్‌గూడలో ఒకాయన మెల్లగా, "అన్నా, కర్మల ఉన్నట్టున్నవ్. గిప్పుడు సెంటేందన్నా?" అన్నాడు. నీకెందుకురా అని గట్టిగానే అరిచాను. పాపం, ఆయనదేం తప్పు. చివరికి సుల్తాన్ బజార్‌లో ఒక పాత ఫ్యాన్సీ దుకాణంలో, పైఅర వెనక, దుమ్ముకొట్టుకుపోయిన సీసా ఒక్కటి దొరికింది. "ఇగ రాదన్నా ఈ మాల్. ఇప్పుడందరు స్ప్రేలే కొడుతున్నరు" అన్నాడు దుకాణం ఆయన. ఆ సీసాను కడుపుకు హత్తుకుని వచ్చాను.

ఇంటికొచ్చి చేతులకు, గడ్డానికి రెండూ పులుముకుని చిన్నమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె ఒక్కసారి ఇటు తిరిగింది. ముక్కుపుటాలు కదిలాయి. నా ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం ముఖం చిట్లించి మళ్లీ గోడవైపు తిరిగింది. రుమాలుకు పూసి దిండు మీద పెడితే విసిరికొట్టింది. ఎందుకో నాకు తెలుసు. చిన్నాయన ఎన్నిసార్లు చెప్పాడో. "గీసిన చెంప మీదనే అది మనిషి వాసనైతది. లేకుంటే సీసా వాసన" అని. గడ్డం గీయాలి. ఈ లోకంలో ఎవరైనా గీసుకోవచ్చు, మైలలో ఉన్న మా ఇంటి మగవాళ్లం తప్ప, అందులోనూ కొరివి పెట్టిన నేను. పదోనాడు దాటేవరకు కత్తి ముట్టకూడదు, సెంటు తగలకూడదు. సెంటు తగిలించి ఒక తప్పు చేసేశాను. అయినా రెండోదానికి చెయ్యి రాలేదు. నాకూ భయమే మరి.

మర్నాడు పిట్టకు పెట్టారు. మేడ మీద విస్తట్లో చిన్నాయనకు ఇష్టమైనవన్నీ వడ్డించి, కాకి కోసం అందరం ఎదురుచూస్తున్నాం. కాకి వచ్చింది, నీళ్ల ట్యాంకు మీద కూర్చుంది, విస్తరి వంక చూడనైనా లేదు. చుట్టాలంతా పరేషాన్. "నీ పెండ్లాన్ని మంచిగ చూసుకుంటం, ముట్టు తమ్మీ" అని మా అత్త కాకికి దండం పెట్టింది. ఏం కోరిక మిగిలిందో అని ఒకరు, ఏం లోటైందో అని ఒకరు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కాకి తింటలేదని ఇంతమంది నిలవడ్డరు. కింద మనిషి తింటలేదు!" అని అరిచి, మెట్లు దిగి, ఆ సీసాలు, ఒక రేజరు పట్టుకుని బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నాను.

అత్త వెనకాలే వచ్చి తలుపు బాదింది. "వద్దు రా కొడుకా! దినాలు గాకముందు కత్తి ముట్టొద్దు రా! వాని ఆత్మకు శాంతి ఉండది!"

"ఆయన ఆత్మ ఏడున్నదో నాకు తెల్వదత్తా. చిన్నమ్మ పాణం మాత్రం నా ముందట్నే పోతున్నది" అన్నాను. గీస్తుంటే గదవ దగ్గర తెగింది. లావెండర్ రాస్తే భగ్గుమంది. బక్కెట్ బోర్లించి కూర్చుని, ఆయన కూర్చున్నట్టే, అది ఆరేదాకా ఆగాను. తర్వాత చెవుల వెనక, మెడ దగ్గర, అరచేతుల్లో నిమ్మ పూసుకున్నాను. తలుపు తీసేసరికి అత్త గుమ్మంలోనే ఉంది. కొట్టడానికే అన్నట్టు చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే నోటికి అడ్డం పెట్టుకుంది. "మా తమ్ముడు రా" అని గోడకు చేరగిలబడి భోరుమంది. కాసేపటికి తనే లేచి, పెరుగన్నం మెత్తగా పిసికి కంచం నా చేతికిచ్చింది.

చిన్నమ్మ గోడవైపే ఉంది. పక్కన కూర్చుని చెయ్యి చాపాను. ఆమె ఇటు తిరిగింది. నా అరచేతిని ముక్కుకు ఆనించుకుంది. లేచి కూర్చుని, నా చెంప దగ్గరకు వంగి, కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చింది.

"ఏడవోయినవ్ ఇన్నొద్దులు?" అంది.

గొంతు వింటే ఎక్కడ కనిపెడుతుందోనని నేను మాట్లాడలేదు. ముద్ద పెట్టాను. తిన్నది. ఇంకొకటి పెట్టాను. నా కళ్లు మసకబారి, చెయ్యి ఎక్కడికి పోతోందో తెలియకపోతే ఆమే ముందుకు వంగి అందుకుంది. గుమ్మం అవతల అత్త ముక్కు చీదుతోంది. కంచం సగమయ్యాక చిన్నమ్మ నా మోకాలు తట్టింది.

"ఇగో, ఇంటున్నవా. నువ్వు లేనప్పుడు గడ్డమోడు ఒకడొచ్చిండు. ఊకె బువ్వ తిను, బువ్వ తిను అంటడు. నేను తినకుంటే ఆ మూలకు వోయి ఏడుస్తడు. ఆనికి ఎవలు వోయిండ్రో ఏమో, పాపం. నేనే భయపడి నూకేసిన. ఆడు తిన్నడో లేడో."

నేనే చిన్నమ్మా అందామని నోరు తెరిచాను.

ఆమె నా చేతిలోంచి కంచం తీసుకుంది. ఎన్నో నెలలుగా చెంచా కూడా పట్టని వేళ్లతో ముద్ద కలిపింది. నా భుజం పక్కగా, ఖాళీ గుమ్మంవైపు చెయ్యి చాపింది.

"రా కొడుకా, రా. మా ఆయన వచ్చిండు, ఇగ భయం లేదు. తిను రా" అంది.

పెరుగు ఆమె మణికట్టు మీదుగా మోచేతికి కారుతోంది. నున్నటి చెంపలతో నేను ఎదురుగానే కూర్చున్నాను. ఆమె ఆ ముద్ద దించకుండా గుమ్మంవైపే చూస్తోంది.