అమ్ముడుపోయినవాడి తల్లి

మా ఊళ్లో అయిదో తరగతి పూర్తి చేసిన మొదటి ఆడపిల్లను నేనే. ఊరికి కొళాయి నీళ్ల కోసం జిల్లా కార్యాలయం మెట్లెక్కిందీ నేనే. ఇక వ్యాకరణంలోనైతే నన్ను మించినవాళ్లు లేరు. మా తుర్కీ భాషలో 'సత్' అంటే అమ్మడం. దానికి 'ఇల్' చేరిస్తే 'సతిల్', అమ్ముడుపోవడం. అచ్చుతో ముగిసే మాటకైతే 'న్' చేర్చాలి. అంత చిన్న ముక్క చేరిందా, పని మిగులుతుంది, చేసినవాడు మాయమవుతాడు. పంతులుగారు నన్ను బల్ల మీద నిలబెట్టి, ఊరి పెద్దల ముందు ఇదంతా అప్పజెప్పించారు.

మనిషి ఆ ముక్క చాటున దాక్కుని బతకగలడని మాత్రం పొరుగింటి ఎల్మాస్‌ను చూశాకే తెలిసింది.

ఎల్మాస్‌కు ముగ్గురు బిడ్డలు పుట్టి, పళ్లు రాకముందే పోయారు. నాలుగోవాడు పుట్టిననాడు ఆమె ఏడవలేదు, నవ్వలేదు, తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది. వాళ్ల అత్త నాకు కబురు పంపింది. పిల్లలు నిలవని ఇంటి బిడ్డను, నిలిచిన ఇంటికి అమ్మడం మా ఆచారం. నా అయిదుగురూ నిక్షేపంగా ఉన్నారు. మంచులో వాళ్ల కిటికీ కింద నిలబడ్డాను. అత్త బిడ్డను అందించింది. నేను వెలగా ఒక ఉప్పుగల్లు ఆమె చేతిలో పెట్టి, వీధంతా వినబడేలా "కొన్నాను" అన్నాను. పేరు సతిల్మిష్ అని పెట్టాం, అమ్ముడుపోయినవాడని. ఎవరమ్మారో ఆ పేరులో లేదు. ప్రాణాలు తీసే అజ్రాయిల్ వచ్చి ఎల్మాస్ బిడ్డ ఏడని అడిగితే, అలాంటివాడు ఇక్కడ లేడు మరి.

అప్పటినుంచి ఎల్మాస్ తన ఇంట్లోనే నా బిడ్డకు పాలిచ్చే దాది. "నా కొడుకు" అనదు. "నేను ఇచ్చాను" అని కూడా అనదు.

"పాలు పట్టారా?" అంటే, "పట్టడమైందక్కా" అనేది.

"స్నానం?"

"చేయించడమైంది."

మా ఆయన వేళాకోళమాడాడు. "ఆ ఇంట్లో పనులన్నీ వాటంతటవే అయిపోతున్నాయే. మనింట్లో కట్టెలు కూడా అలా కొట్టుకుంటే బాగుండు." ఎల్మాస్ మళ్లీ తలుపు వైపే చూసింది.

చలి ముదిరాక బిడ్డకు ఎగశ్వాస మొదలైంది. డొక్కలు లోపలికి పోతున్నాయి. ట్రాక్టరులో పట్నం ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. బిడ్డను నేనే ఎత్తుకున్నాను, కొన్నదాన్ని కదా. ఎల్మాస్ వెనక, పరాయిదానిలా నడిచింది.

"తల్లి ఎవరు?" అన్నాడు కుర్ర డాక్టరు.

"నేనే" అన్నాను.

"చివరిసారి పాలెప్పుడిచ్చావు?"

అంతమంది అధికారులతో మాట్లాడినదాన్ని, తడబడ్డాను. గుమ్మం దగ్గరనుంచి సన్నగా వినిపించింది, "తెల్లారగట్ల ఇవ్వడమైంది. తాగలేదు."

"ఎవరిచ్చారు?"

ఎల్మాస్ పళ్లు టకటకమంటున్నాయి. డాక్టరు నన్ను చూశాడు, ఆమె రవికె మీద పాలతడి చూశాడు. గొంతు తగ్గించాడు. "సరే. జ్వరం ఎప్పుడు చూడడమైంది?"

ఆమె అన్నీ చెప్పింది. డాక్టరు అంబులెన్సు పిలిచి, పెద్దాసుపత్రికి పోవాలన్నాడు. బండిలో ఒక్కరికే చోటు.

"అక్కా, నువ్వెక్కు" అంది ఎల్మాస్. "పోయినసారి మూడోబిడ్డను ఆ ఆసుపత్రికే నేను ఎత్తుకెళ్లాను. ఖాళీ చేతులతో వచ్చాను. నేనెక్కితే ఆ ప్రాణాలు తీసేవాడు నన్ను గుర్తుపడతాడు."

"నా దగ్గర పాలేవే, పిచ్చిదానా? దారిలో ఆకలేస్తే ఏం పెట్టను?"

బిడ్డ మూలిగాడు. ఎల్మాస్ తలగుడ్డ ముందుకు లాగి, కళ్లు కూడా కనబడకుండా మొహమంతా కప్పేసుకుంది. ఆ గుడ్డలోంచే చేతులు చాచింది. బిడ్డను ఇచ్చేశాను. తడుముకుంటూ బండెక్కింది.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆ ముసుగు తీయలేదట. దాని కిందే పాలిచ్చిందట. నర్సులు ముందు నవ్వారు, తర్వాత వాళ్లే చెయ్యి పట్టి నడిపించారట. బిడ్డ ఊపిరి కుదుటపడింది.

తీసుకురావడానికి నేనే వెళ్లాను. బిడ్డ ఎల్మాస్ ముసుగు అంచు పట్టుకుని లాగుతున్నాడు.

"ఇక తియ్యవే, గండం గడిచింది" అన్నాను.

"వీధిలో వద్దక్కా" అంది, అడుగు వేగం పెంచుతూ. "ఇంకా దారి చాలా ఉంది."