తొండకు కట్టిన పెట్టె

మొన్న స్నానాలగది తలుపు అడుగు నాని ఊడిపోతే, కొత్త పలక కోసం, మేముండే తమిళ ఊళ్లో పీలమేడు పేటలోని ప్లైవుడ్ కొట్టుకు వెళ్లాను. కొట్టతను ఒక పలకను నిలబెట్టి, వేలి కణుపుతో తట్టి, దేనికి కావాలని అడిగాడు. తలుపుకని చెప్పాను. కోసిన అంచు నుంచి జిగురు వాసన వచ్చింది. రెండేళ్ల కిందట అదే మందం పలకను, అలాంటి కొట్లోనే, మా చెల్లెలితో కలిసి కొన్నాను. అప్పుడూ ఆ ప్రశ్నే అడిగారు. తొండకు ఇల్లు కట్టడానికని తను నిదానంగా చెప్తే, ఆ కొట్టతను నా ముఖం చూశాడు.

చెల్లెలు తిరుప్పూరులో ఒక బడిలో జీవశాస్త్రం చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. ఇక ఏ మందూ పనిచేయదని డాక్టర్లు చెప్పాక మా ఇంటికి వచ్చేసింది. బట్టల పెట్టెతో పాటు ఒక చేపల తొట్టి తెచ్చుకుంది. అందులో మూరెడు పొడవు తొండ. ఆస్ట్రేలియా జాతిదట, మెడ కింద ముళ్ల గడ్డం. మా ఆవిడ మూడు రోజులు ఆ గది గడప తొక్కలేదు. నాలుగో రోజు దేవుడికి కోసిన మందారాల్లో ఒకటి తీసి దాని ముందు పెట్టింది. అది నమిలి మింగడం చూశాక, రోజూ దేవుడికి ఒక పువ్వు తగ్గింది. తొట్టి ఇరుకు, తిరగబోతే తోక గాజుకు తగిలేది. తను పోయేలోపు అది కాళ్లు చాపి తిరగడం చూడాలని చెల్లెలు కోరింది. ఇంకేమీ అడగలేదు.

నేను నలభై ఏళ్లు ఇనుము పోత పోసే ఫౌండ్రీలో పంపుసెట్ల అచ్చులకు చెక్క నమూనాలు చేసినవాణ్ని. పెట్టె ఎంత పని అనుకున్నాను. దాచుకున్న దేవదారు పలకలు తీస్తే, ఆ వాసన దాని ఊపిరికి చెడుపని వద్దంది. కోళ్లగూటి వల అంటే, ముక్కు రాసుకుని పుండు చేసుకుంటుందంది. నాలుగు వైపులా గాజు పెడితే వేడి నిలవదు. అడుగున ఇసుక పోస్తే మేతతో పాటు మింగుతుంది. చివరికి మూడు వైపులా ప్లైవుడ్, ముందు ఒకే గాజు, ఒక మూల వేడి దీపం, దాని కింద వెచ్చబడడానికి కడప రాయి అని తేలింది. మా వాళ్లు తరాల కిందట తెలుగు నేల నుంచి ఈ తమిళ ఊళ్లకు వలస వచ్చారు. రాయి ముక్కను ఒళ్లో పెట్టుకుని తను నవ్వింది. "మనం ఏ ఊరి నుండి వచ్చినామో మన తాతకే తెలీదు అన్నా. ఈ రాయికైతే ఊరు పేరన్నా ఉండాది."

పెట్టె నాలుగు రోజుల్లో బిగించాను. గాజు కొలతలు కాగితం మీద రాసి ఇచ్చాను, కొట్లో కోసి పంపారు. పెడితే ఒక పక్క చిటికెన వేలు దూరేంత సందు. కొట్టువాళ్లను తిట్టుకుంటూ మళ్లీ కొలవబోయి, చేతిలో ఉన్న స్కేలు చూసి ఆగాను. పోసిన ఇనుము చల్లారితే కుదించుకుపోతుంది కనుక, నమూనాలు చేసేవాళ్ల స్కేలులో ప్రతి గీతా మామూలు కన్నా కాస్త ఎడంగా ఉంటుంది. మా ఇంట్లో వేరే స్కేలు ఎన్నడూ లేదు. పెట్టె మొత్తం దానితోనే కొలిచాను, కొట్లో గాజును మామూలు స్కేలుతో కోశారు. సంగతి చెప్తే చెల్లెలికి నవ్వుతో దగ్గు వచ్చింది. "నా ఓణాను చల్లారితే కురచైపోతాదా ఏమి?" అంది. ఓణాను అంటే తమిళంలో తొండే. దానికి తను వేరే పేరు పెట్టలేదు.

తర్వాత, "పోదుం అన్నా, ఇంక చాలు. ఆ సందులో ఒక బద్ద కొట్టు. అదేమన్నా తప్పు పట్టబోతాదా?" అంది. పోదుం అంటే తమిళంలో చాలు అనే.

నేను వినలేదు. నమూనాలో తప్పుంటే అతుకు వేయకూడదని, దాని నుంచి వచ్చే ప్రతి పోతలోనూ ఆ తప్పు వస్తుందని నాకు పని నేర్పిన మా మామ చెప్పేవాడు. ఇక్కడ రాబోయే పోతలేవీ లేవు. ఉన్నది ఒక్క పెట్టె. అయినా విప్పేశాను. పలకల అంచులు గాజు కొలతకు చెక్కి, మళ్లీ బిగించి, చెక్క నానకుండా మళ్లీ పాలిష్ పూశాను. ఆ వాసన పూర్తిగా పోయేదాకా తొండను లోపల వదలకూడదు. వాసన పోవడానికి వారం పట్టింది. తను రోజూ వసారాలో కుర్చీ వేయించుకుని, తొట్టిని పక్కన పెట్టుకుని, ఎండలో ఉన్న ఖాళీ పెట్టెను చూసేది. విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే బాగుండేది.

ఆరో రోజు ఊపిరి ఆడక ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ ముఖం మీది గొట్టం పక్కకు జరిపి, "ఓణాను లోపలికి పోయెనా?" అని అడిగింది. రేపు అన్నాను. "సరి, రేపు" అని నా చేయి తట్టింది. తెల్లవారి పది గంటలకు పోయింది.

పెట్టెలో సందు లేదు, వాసన లేదు. పదో రోజు కర్మ అయ్యాక మా ఆవిడే రెండు చేతులతో తొండను ఎత్తి లోపల వదిలింది. అది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచింది, తోక ఎక్కడా తగలకుండా తిరిగింది, మళ్లీ నడిచింది. మేమిద్దరం నిలబడి చూశాం. బద్ద కొట్టడానికి పావుగంట చాలు. ముందు ఇంకా చాలా రోజులు ఉన్నట్టు ఆ వారమంతా నేను ఏ ధైర్యంతో పని చేశానో నాకు ఇప్పటికీ తెలియదు.