గుండె బాగున్న తమ్ముడు

ఆ వీధిలో లాండ్రీ నడిపేది అక్క. కానీ కొట్లోకి అడుగుపెట్టినవాళ్ళకు ముందు కనబడేది తమ్ముడే. మెత్త వేసిన కుర్చీలో కూర్చుని, ఊడిన గుండీలు కుడుతూ, వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతూ ఉండేవాడు. నలభై అయిదు దాటినా అరచేతులు పసిపిల్లాడి చేతుల్లా మెత్తగా ఉండేవి. వీధిలో అందరూ అతన్ని గాజుబాబు అనేవారు. ఎగతాళికి కాదు, జాలితోనే.

ఆ పేరు వెనక రెండు చావులున్నాయి. తండ్రి ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. కొన్నేళ్ళకు పెద్దకొడుకు, ఇరవై రెండేళ్ళవాడు, మైదానంలో బంతి వెనక పరిగెడుతూ బోర్లా పడి మళ్ళీ లేవలేదు. గుండె కండరం ఉండవలసిన దానికంటే మందంగా ఉందని కోసి చూసిన డాక్టర్లు చెప్పారు. తల్లి హడలిపోయి చిన్నవాణ్ణి మరో డాక్టరుకు చూపించింది. ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "ఏదో చిన్న చప్పుడుంది, జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో పిల్లవాడి ఆటలు ఆగిపోయాయి. బకెట్టు ఎత్తనివ్వలేదు, మెట్లెక్కనివ్వలేదు. ఆడపిల్లను చూపించాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

తల్లి పోయాక ఆ జాగ్రత్తంతా అక్క మీద పడింది. కొట్టూ ఆమె మీదే పడింది. లాడ్జి నుంచి వచ్చే దుప్పట్లు ఉతికి, తడి మూట భుజాన వేసుకుని, మూడంతస్తులెక్కి డాబా మీద ఆరేసేది. వయసులో ఉన్నప్పుడు ఒక సంబంధం వచ్చింది. కుర్రాడికి వేరే ఊళ్ళో ఉద్యోగం. "వీణ్ణి ఎవరి మీద వదిలేసి వెళ్ళను?" అని ఆమె వద్దంది. ఆ తరవాత ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు. తమ్ముడు అసలే ఎత్తలేదు.

పెద్దాసుపత్రిలో పరిశోధన చేసే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. వయసులో ఉండి హఠాత్తుగా పోయినవాళ్ళ గుండె ముక్కలను ఆసుపత్రివాళ్ళు మైనంలో దాచి ఉంచుతారు. ఆవిడ ఆ పాత ముక్కల్లోంచి జన్యువులు తీసి చదివి, ఏ మార్పు వల్ల ఆ గుండెలు అలా అయ్యాయో వెతుకుతుంది. వెతుకుతూ వెతుకుతూ ఈ ఇంటి పెద్దకొడుకు గుండె దాకా వచ్చింది. మార్పు దొరికింది. ఆ ఇంట్లో ఇంకా ఎవరున్నారని ఆరా తీసి కొట్టుకు ఫోన్ చేసి, ఇద్దర్నీ రమ్మంది.

అక్క నవ్వేసింది. "నాకేం రోగం, దుక్కలా ఉన్నాను. నువ్వెళ్ళిరా. లాడ్జివాళ్ళ బట్టలు రేపిచ్చెయ్యాలి."

అతను కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఇన్నాళ్ళకు తన జబ్బును పట్టించుకునే మనిషి దొరికిందని లోలోపల కాస్త గర్వంగానే ఉంది. రక్తం ఇచ్చాడు, స్కాను తీయించుకున్నాడు, అడగకపోయినా తన పథ్యాలన్నీ ఏకరువు పెట్టాడు. ఆవిడ ఓపికగా విన్నది.

కొన్ని వారాలకు ఒక సోమవారం పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది.

"మీ అన్నగారిలో ఉన్న మార్పు మీలో లేదండీ. స్కాను కూడా బాగుంది. మీ గుండెకేం లేదు."

"సరిగ్గా చూశారా?"

"రెండుసార్లు చేయించాను."

"చిన్నప్పుడు చప్పుడుందన్నారు కదండీ."

"పిల్లల్లో చాలామందికి ఉంటుంది. పెద్దయ్యేకొద్దీ పోతుంది." ఆవిడ అతని మొహం చూసి గొంతు తగ్గించింది. "ఈ మాట విని సంతోషించలేనివాళ్ళు నాకు కొత్త కాదు. కానీ ఇప్పుడు మీ అక్కగారిని చూడాలి. ఆమెలో ఆ మార్పు ఉండే అవకాశం సగానికి సగం. బరువు పనులేమైనా చేస్తారా?"

"లేదండీ, కొట్లో కూర్చుంటుంది," అనేశాడు.

తన బతుకు తీసి అక్కకు తగిలించేశాడు. ఎందుకలా అన్నాడో ఆసుపత్రి మెట్లు దిగాక గాని అతనికి బోధపడలేదు. అవును, మోస్తుంది అంటే, మరి మీరేం చేస్తారు అని ఆవిడ అడుగుతుంది. దారిలో ఇంకొకటి గుర్తొచ్చింది. ముప్పయ్యో ఏట జ్వరమొస్తే చూసిన డాక్టరు, "నీ గుండె బాగానే ఉన్నట్టుందే, ఒకసారి స్కాను తీయించుకో" అన్నాడు. తీయించుకోలేదు. అక్కతో చెప్పనూలేదు. భయపడి కాదు. కుర్చీ మెత్తగా ఉంది, అంతే.

ఇంటికొచ్చాక అక్క అడిగింది. "ఇంకా చూడాలట" అన్నాడు. మంగళవారం లాడ్జి మూట వచ్చింది. అక్క తడి దుప్పట్లు భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే అతను గుండీ కుడుతున్నాడు. మొదటి మలుపు దగ్గర ఆమె గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. రోజూ అలా నిలబడేదేనా? అతనికి తెలియదు. ఎప్పుడూ తలెత్తి చూడలేదు. ఆ రోజు చూశాడు. చూసి కూడా లేవలేదు.

గురువారం అక్క ఉతికిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్ళింది. అతను కొట్టు తలుపు దగ్గరగా వేసి, తడి మూట ఎత్తుకున్నాడు. నీళ్ళు మెడ మీదుగా కారుతుంటే మూడంతస్తులూ ఎక్కాడు. చేతకాక దుప్పట్లను ఎగుడుదిగుడుగా దండెం మీద పడేశాడు. ఆయాసం వచ్చింది, తగ్గింది. గుండె ఏమీ అనలేదు. డాబా గోడకు ఆనుకుని చతికిలపడి, తల కొట్టేసినట్టయి, మోకాళ్ళలో మొహం దాచుకున్నాడు.

అక్క తిరిగొచ్చి, కొట్లో అతను లేకపోవడంతో కంగారుగా పైకి పరిగెత్తుకొచ్చింది. దండెం చూసింది, తడిసిన చొక్కా చూసింది.

"ఒరేయ్, నువ్వు మోశావా? చావాలనుందా నీకు?" అతని పక్కన కూలబడి ఛాతీ మీద చెయ్యి పెట్టింది. "నొప్పుందా? కదలకు. ఆటో పిలుస్తాను, ఆసుపత్రికి పోదాం."

అలా అంటున్న ఆమెకే ఊపిరి అందడం లేదు.

"నాకేం లేదక్కా," అన్నాడు. "నా గుండె బాగానే ఉందట. మొదట్నుంచీ బాగానే ఉందట. నిన్ను తీసుకురమ్మంది డాక్టరమ్మ."

ఆమె చెయ్యి అతని ఛాతీ మీదే ఉండిపోయింది.

"ఎప్పుడు చెప్పింది?"

"సోమవారం."

"మంగళవారం మూట నేనే మోశాను కదరా."

"అవునక్కా."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది. ఆమె లేచి, అతను పడేసిన దుప్పట్లను ఒక్కొక్కటే తీసి, దులిపి, అంచులు సరిచేసి మళ్ళీ ఆరేయడం మొదలుపెట్టింది.

ఆ వారంలోనే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. పరీక్షలు చేసి, కొన్ని వారాలకు మళ్ళీ పిలిచారు. అన్నలో ఉన్న మార్పే అక్కలోనూ ఉంది. గుండె గోడ మందంగానే ఉంది. "ఏం పని చేస్తారమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. "బట్టలుతుకుతాను, తడి మూటలు పైకి మోస్తాను. ముప్పయ్యేళ్ళ నుంచీ ఇదే పని" అంది అక్క. డాక్టరమ్మ అతని వైపు చూసింది. అతనికి తలెత్తడానికి మొహం చెల్లలేదు.

"మా అన్న ఇరవై రెండేళ్ళకే పోయాడు. నేనెలా ఉన్నానండీ ఇన్నాళ్ళు?" అని అక్క అడిగింది.

"నేను వెతికేది అదేనమ్మా. ఒకే ఇంట్లో, ఒకే మార్పు. ఒకరు పడిపోతారు, ఒకరు నిలబడతారు. ఇంకేదో తోడై కాపాడుతోంది. అదేమిటో నాకింకా దొరకలేదు."

మందులిచ్చారు. గుండె లయ తప్పితే సరిచేసే చిన్న యంత్రాన్ని మెడ కింది ఎముకకు దిగువన, చర్మం లోపల అమర్చారు. ఇప్పుడు మూటలు తమ్ముడు మోస్తాడు. అరచేతులు కాయలు కాశాయి. అయినా మనసు తేలికపడలేదు. ఎందుకంటే వీధంతా అతన్ని మెచ్చుకుంటుంది. "తన గుండె అంతంతమాత్రమైనా అక్కను ఎంత బాగా చూసుకుంటున్నాడో" అంటారు. ఒకసారి లాడ్జి మేనేజరుతో నిజం చెప్పబోతే అక్కే అడ్డొచ్చింది.

"ఎందుకురా. నీ మనసు చల్లబడటానికి మన ఇంటి సంగతి ఆయనకెందుకు?"

ఆ తరవాత ఎవరు మెచ్చుకున్నా తలొంచుకుని వినేవాడు. ఆ మెప్పును మొయ్యడం మూటకంటే కష్టంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం అక్క మంచి చీర కట్టుకుని, "బయటికెళ్ళొస్తాను" అని ఒక్కతే వెళ్ళింది. పనివేళలో అలా వెళ్ళడం అతనెప్పుడూ చూడలేదు. చీకటి పడుతుండగా తిరిగొచ్చింది. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, చాలాసేపు కిటికీ దగ్గర కూర్చుంది. ఎక్కడికెళ్ళావని అడుగుదామని అతని నోటిదాకా వచ్చింది. తన కోసం ఆమె వద్దన్న ఆ పాత సంబంధం గుర్తొచ్చి, అడిగే హక్కు తనకు లేదనిపించింది. అన్నం వడ్డించి, "రా అక్కా, తిందాం" అన్నాడు.