అత్తగారి కొత్త రక్తం

మా అత్తగారికి రంగు తేలిందని మొదట మెచ్చుకున్నది నేనే. చుట్టాల పెళ్లిలో పక్కన నిలబడి ఫోటో దిగుతూ, "అత్తయ్యగారూ, ఏం రాసుకుంటున్నారండీ, నిమ్మపండులా మెరుస్తున్నారు!" అన్నాను. అందరూ ఔనంటే ఔనన్నారు. ఆవిడ సిగ్గుపడి కొంగు సర్దుకున్నారు. నేను అమలాపురంలో రక్తపరీక్షల ల్యాబులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. ముక్కూమొహం తెలియని వాళ్ల కనురెప్ప లాగి చూసి, "రక్తం తక్కువలా ఉందండీ" అని చెప్పేదాన్ని. అలాంటిదాన్ని, సొంత ఇంట్లో మనిషి పాలిపోతుంటే అందం అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది!

మాది బండారులంక. మా ఆయన చీరలు నేస్తారు. ఆ నేతకు కావలసిన నూలును అత్తగారు రాట్నం ముందు కూర్చుని కండెలకు చుట్టి ఇస్తారు. పెళ్లి నుంచి వచ్చాక ఆ రాట్నం మాటిమాటికీ ఆగడం మొదలైంది.

"వేళ్లు తిమ్మిరెక్కిపోతున్నాయమ్మా, పోగు తెగినా తెలీట్లేదు" అన్నారు ఒకరోజు. నాలుక చూపించమన్నాను. నున్నగా, ఎర్రగా ఉంది. నాలుగు మెట్లెక్కితే రొప్పుతున్నారు. అప్పుడు వెలిగింది నాకు.

మర్నాడే ల్యాబుకి తీసుకెళ్లి నా చేత్తోనే రక్తం తీశాను. హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాల్సింది, ఐదే ఉంది. మిషను పాడైందేమోనని రెండోసారి పెట్టాను. మళ్లీ ఐదే. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా తగ్గి ఉన్నాయి. మూడూ ఒకేసారి తగ్గాయంటే, అవి తయారయ్యే ఎముకల మూలుగలోనే ఏదో తేడా ఉందన్న అనుమానం వస్తుంది.

డాక్టరుగారు ఆవిడ తిండి గురించి గుచ్చి గుచ్చి అడిగారు. గుడ్డు ముట్టరు. పడటం లేదని పాలూ పెరుగూ మానేసి ఏళ్లయింది. పొద్దున్న లేస్తూనే గ్యాసు మాత్ర వేసుకుంటారు.

"పాలూ గుడ్లూ లేక, గ్యాసు మాత్రకి ఒంటపట్టక, బి పన్నెండు విటమిన్ తగ్గినా ఇలాగే ఉంటుందండి. మూలుగలో పెద్ద జబ్బు మొదలైనా ఇలాగే ఉంటుంది" అన్నారాయన. "ఇంజెక్షన్లు మొదలుపెడదాం. వారంలో కొత్త రక్తం పుట్టిందా సరే. లేకపోతే కాకినాడ వెళ్లి నడుము ఎముకలోంచి మూలుగ తీయించి చూపించాలి."

"రక్తం ఎక్కించెయ్యరాదాండీ?" అని మా ఆయన బతిమాలారు.

"మనిషి నిలకడగానే ఉన్నారు కదండీ. ఆవిడ రక్తం ఆవిడే తయారుచేసుకుంటారేమో చూద్దాం."

ఇంటికొచ్చాక మా ఆయనకి అంతా విడమర్చి చెప్పాను. ఒక ఎర్రకణం బతికేది నాలుగు నెలలు. ముసలిదైతే ఒళ్లే దాన్ని విరగ్గొట్టి, అందులో ఇనుమును దాచుకుని, కొత్తదానికి వాడుకుంటుంది. రొమ్ము ఎముక, వెన్నెముక, నడుము ఎముకల్లో సెకనుకి ఇరవై లక్షల దాకా పుడతాయి. నేను ఈ మాట పూర్తిచేసే లోపు ఎన్ని పుట్టి ఉంటాయో! ఎన్నేళ్లు చూసినా నాకు ఈ సంగతి చెప్తుంటే ఒళ్లు పులకరిస్తుంది.

"మగ్గానికైనా అప్పుడప్పుడూ సెలవుంటది. దీనికి లేదా?" అన్నారు మా ఆయన.

"ఒక్క పూట కూడా లేదండీ. కాకపోతే ఆ విటమిన్ లేకపోతే కణం పెరుగుతుంది గానీ రెండుగా విడిపోవడం దానికి చేతకాదు. మూలుగలోనే చచ్చిపోతుంది."

ఆయన చొక్కా తగిలించుకుని బయటికెళ్లారు. సోమవారానికి కాకినాడ వెళ్లడానికి కారు మాట్లాడి వచ్చారు.

అప్పుడే పుట్టిన కణాన్ని గుర్తుపట్టే ఉపాయం ఒకటి ఉంది. రక్తంలో నీలిరంగు మందు కలిపి, పావుగంట వెచ్చగా ఉంచి, గాజుపలక మీద పరిచి చూస్తే, కొత్త కణాల్లో నీలం పోగులు, చుక్కలు కనిపిస్తాయి. ఒకటి రెండు రోజుల్లో అవి పోతాయి. ముదిరిన కణాలకు ఉండవు. మొదటిరోజు అత్తగారి పలకంతా గాలిస్తే రెండో మూడో దొరికాయి. మూడో రోజు ఆగలేక మళ్లీ చూశాను. అప్పుడూ అన్నే. ఆ పూట మా ఆయన మొహం చూడలేకపోయాను. అత్తగారు మాత్రం రోజూ ఇంజెక్షనుకి నోరు మెదపకుండా చెయ్యి చాపేవారు.

ఆరో రోజు శనివారం. పలకను మైక్రోస్కోపు కింద పెట్టి కన్ను ఆనించాను. బాబోయ్! ఎక్కడ చూసినా నీలం చుక్కలే! పలక జరిపాను, అక్కడా అవే. నా కళ్లను నేను నమ్మక, మా సీనియరుగారిని పిలిచి, ఎవరిదో చెప్పకుండా లెక్కపెట్టమన్నాను. ఆయన కాసేపు చూసి తలెత్తి, "ఎవరిదండీ ఇది? జాతరలా ఉంది!" అన్నారు. అంత పెద్దమనిషి ముందు ఎగిరి గంతేశాను. డాక్టరుగారికి చూపిస్తే ఆయన నవ్వేసి, కాకినాడ వద్దన్నారు.

మా ఆయనకి ఫోను చేశాను. "ఏవండీ, కారు వద్దని చెప్పెయ్యండి!"

"ఆయ్... ఏమైంది?" అన్నారు.

"పుడుతున్నాయండీ! కుప్పలు కుప్పలుగా పుడుతున్నాయి!"

అటువైపు నుంచి ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

ఇంజెక్షనుకి వచ్చి బయట బల్ల మీద కూర్చున్న అత్తగారిని లోపలికి తీసుకొచ్చి, స్టూలు మీద కూర్చోబెట్టి, మైక్రోస్కోపులో చూడమన్నాను.

"ఈ నీలం చుక్కలున్నవామ్మా?"

"ఆయ్, అవేనండీ. నిన్నా మొన్నా పుట్టినవి. మీవే."

ఆవిడ కన్ను తీయలేదు. చాలాసేపు చూశారు. భుజాలు కదులుతుంటే అప్పుడు గమనించాను, ఏడుస్తున్నారు.

"డెబ్బై దాటేయి, ఇంకా ఏం కావాలి అనుకుంటారని సిగ్గేసి ఎవరితోనూ అనలేదమ్మా" అన్నారు అలాగే వంగి. "నాకు బతకాలనుంది."

నేను వెనకనుంచి ఆవిణ్ణి గట్టిగా పట్టుకుని భోరుమన్నాను. కాసేపటికి ఆవిడే నా చేతులు విడిపించుకుని, కొంగుతో కళ్లు ఒత్తుకుని, మళ్లీ మైక్రోస్కోపు మీదకి వంగారు.

"కొంచెం పక్కకి జరుపమ్మా, అక్కడెన్ని పుట్టేయో చూస్తాను."